ఊడుపుల రోజుల్లో రోజూ డైక్లోఫెనాక్ బిళ్ల: ఎంతవరకు ఫర్వాలేదు, ఎక్కడ ప్రమాదం?

1. చేనుగట్టు (ఆచంట)

సార్వా ఊడుపులు మొదలయ్యాయండి. ముఠాలో సగం మంది పొద్దున్నే ఒళ్లునొప్పుల బిళ్ల వేసుకుని చేలోకి దిగుతున్నారు. సాయంత్రం ఇంటికెళ్లాక ఇంకోటి. షాపులో "ఒళ్లునొప్పులకి ఇవ్వండి" అంటే కాగితం పొట్లంలో మూడు రకాలు కలిపి కట్టి ఇస్తారు. వేసుకునేవాళ్లకి రంగులు గుర్తుంటాయి గానీ పేర్లు తెలియవు.

తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. ఆ పొట్లంలో మామూలుగా ఏముంటుంది? రోజుకి ఎన్ని, ఎన్నాళ్లు? బీపీ బిళ్ల వాడేవాళ్లు వేసుకోవచ్చా? ఇంజక్షన్ అయితే మేలా? పక్కన గ్యాస్ బిళ్ల వేసుకుంటే ఏమీ కాదంటారు, అది ఎంత నిజం?

2. మందుల షాపు (పాలకొల్లు, ఫార్మసిస్ట్)

పొట్లం సంగతి నేను చెబుతానండి.

ఒకటి అసలు నొప్పి బిళ్ల. డైక్లోఫెనాక్ 50 మి.గ్రా. గానీ, ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిపిన బిళ్ల గానీ ఉంటుంది. రెండోది గ్యాస్ బిళ్ల, రానిటిడిన్ 150 లేదా పాంటోప్రజోల్ 40. భయపడాల్సింది మూడోదానికి. చిన్నగా, తెల్లగా ఉండే ఆ బిళ్ల ఒక్కోసారి డెక్సామెథాసోన్ గానీ బీటామెథాసోన్ గానీ, 0.5 మి.గ్రా. అంటే స్టెరాయిడ్. అది పడగానే నొప్పి మాయమవుతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లోకి సత్తువ వచ్చినట్టుంటుంది. అందుకే జనం "ఫలానా షాపు పొట్లమే పనిచేస్తుంది" అని వెతుక్కుంటూ వెళ్తారు. వారాల తరబడి వాడితే మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. ఉన్నపళంగా మానేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. డైక్లోఫెనాక్, స్టెరాయిడ్ జంటగా పడితే పొట్టలో పుండు పడి రక్తం కారే ప్రమాదం విడిగా వాడినప్పటి కంటే చాలా ఎక్కువ.

చిన్న తెల్ల బిళ్లలన్నీ స్టెరాయిడ్లు కావండి, తుమ్ములు, దురదలకి వాడే సెట్రిజిన్ కూడా అలాగే ఉంటుంది. చూసి పోల్చడం మా వల్ల కూడా కాదు. పేరు కనబడని బిళ్ల మింగొద్దన్నది అందుకే.

ఇంకో తప్పు పేర్ల దగ్గర జరుగుతుంది. వొవెరాన్ అంటే డైక్లోఫెనాక్. జెరోడాల్, హైఫెనాక్ రెండూ ఎసిక్లోఫెనాక్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ 400, పారాసిటమాల్ 325 ఉన్నాయి. నైస్ అంటే నిమెసులైడ్. పొద్దున వొవెరాన్, మధ్యాహ్నం కాంబిఫ్లామ్, రాత్రి జెరోడాల్ వేసుకున్న మనిషి మూడు వేరు వేరు మందులు వాడానని అనుకుంటాడు. పనిచేసే తీరులో అవి మూడూ ఒకే కుటుంబం. రెండు కలిపితే నొప్పి రెట్టింపు తగ్గదు, దెబ్బ మాత్రం పెరుగుతుంది. స్ట్రిప్ వెనక్కి తిప్పితే పెద్ద అక్షరాల బ్రాండు పేరు కింద సన్నటి అక్షరాల్లో అసలు మందు పేరు, మిల్లీగ్రాములు ఉంటాయి. చదవాల్సింది ఆ సన్న వరసే.

క్లోర్‌జోక్సజోన్ అని కనిపిస్తే అది కండరాలు పట్టు వదలడానికి కలిపింది, మత్తు తెస్తుంది. కొబ్బరి చెట్టు ఎక్కేవాళ్లు, ట్రాక్టర్ తోలేవాళ్లు పనిపూట అది వేసుకోకూడదు.

డైక్లోఫెనాక్ సోడియం బిళ్లకి పైన పొర ఉంటుంది, పొట్టలో కరగకుండా పేగులోకి వెళ్లాక కరగడానికి. దాన్ని విరిచి సగం వేసుకున్నా, నమిలినా ఆ పొర పెట్టిన లాభం పోతుంది.

3. జనరల్ మెడిసిన్ (భీమవరం)

డైక్లోఫెనాక్ మోతాదు: 50 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, తప్పదనుకుంటే మూడుసార్లు, అన్నం తిన్నాక. 24 గంటల్లో 150 మి.గ్రా. దాటకూడదు. ఎస్‌ఆర్ 100 అని ఉంటే అది నెమ్మదిగా కరిగే రకం, రోజుకి ఒక్కటే. ఎసిక్లోఫెనాక్ 100 అయితే రెండు పూటలు, అంతకు మించొద్దు. అరవై దాటినవాళ్లకి అతి తక్కువ మోతాదు, అతి తక్కువ రోజులు.

ఎన్నాళ్లు అంటే, బెణుకు, కండరం పట్టు లాంటివాటికి మూడు రోజులు, గట్టిగా ఐదు. అప్పటికీ తగ్గకపోతే బిళ్ల పెంచడం కాదు, నొప్పి ఎందుకొస్తోందో చూపించుకోవాలి. మన దగ్గర చిక్కంతా ఇక్కడే ఉందండి. బిళ్ల లెక్క ఐదు రోజులది, ఊడుపుల లెక్క మూడు వారాలది. దాళ్వా కోతలకి మళ్లీ అదే తంతు. నొప్పి రాకముందే పొద్దున్న వేసుకోవడం మరీ తప్పు.

ఇది నొప్పినెలా తగ్గిస్తుందో తెలిస్తే ఎక్కడ చెడుపు చేస్తుందో కూడా తెలుస్తుంది. దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. వాపు, నొప్పి దానివల్లే. ఆస్పిరిన్ లాంటి మందులు దాని తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపించారు, 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. కానీ ఆ పదార్థమే పొట్ట లోపలి పొరని ఆమ్లం నుంచి కాపాడుతుంది, కిడ్నీకి రక్తం పారే దారిని తెరిచి ఉంచుతుంది. బిళ్ల మోకాలి దగ్గర ఆపి, కిడ్నీ దగ్గర వదిలెయ్యదు కదా. ఒళ్లంతా ఆపుతుంది.

కిడ్నీని మన చేనుతో పోల్చి చెబుతాను. కాలువ నిండుగా పారుతున్నప్పుడు తూము కాస్త మూసుకున్నా చేను ఎండదు. వంతులవారీ నీళ్లిచ్చే రోజుల్లో మూసుకుంటే ఎండిపోతుంది. కిడ్నీలోకి రక్తం వచ్చే తూముని తెరిచి పట్టుకునేది ప్రోస్టాగ్లాండిన్. నీళ్లు బాగా తాగి నీడపట్టున ఉన్న ఆరోగ్యవంతుడు మూడు రోజులు డైక్లోఫెనాక్ వాడితే మామూలుగా ఏమీ కాదు. చెమటలు కక్కుతూ, నీళ్లు తాగకుండా ఎండలో ఎనిమిది గంటలు వంగినవాడికి కాలువ మట్టం అప్పటికే దిగిపోయి ఉంటుంది. అప్పుడు బిళ్ల పడితే ఉన్న తూము కూడా మూసుకుంటుంది. ఆడవాళ్లు చేలో మరుగు ఉండదని పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా ఉంటారు. వాళ్ల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి.

గ్యాస్ బిళ్ల సంగతి: పాంటోప్రజోల్ అన్నానికి అరగంట ముందు వేసుకుంటే పొట్టలో పుండ్లు పడటం బాగా తగ్గుతుంది, అది నిజం. రానిటిడిన్ మామూలు మోతాదులో అంత అండ ఇవ్వదు. కానీ రెండూ కిడ్నీని గానీ గుండెని గానీ కాపాడవు. "గ్యాస్ బిళ్ల వేసుకున్నాను, ఫర్వాలేదు" అన్న ధీమాతోనే జనం నెలల తరబడి వాడేస్తున్నారు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, స్టెంట్ వేసినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు డైక్లోఫెనాక్ జోలికి పోకూడదు. 2013లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ కూడా ఇదే చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవాళ్లకి దీన్ని కలిపితే రక్తస్రావం ప్రమాదం. ఆస్తమా ఉన్న కొందరికి ఈ కుటుంబంలో ఏ బిళ్ల పడినా ఊపిరి ఆడదు. గర్భిణులకి 20 వారాలు దాటాక ఇవ్వకూడదు. బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గుతుంది. నెలలు నిండేకొద్దీ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

4. లంకమేత (కోటిపల్లి రేవు)

డాక్టరు గారూ, బీపీ బిళ్ల వేసుకునేవాళ్ల గురించి విడిగా చెప్పండి. మా వైపు పెద్దవాళ్లకి టెల్మిసార్టాన్ పక్కన హెచ్ అన్న అక్షరం ఉన్న బిళ్ల ఇస్తున్నారు. మోకాళ్ల నొప్పులకి డైక్లో కూడా వాడుతున్నారు. ఒంట్లో నీరు తగ్గితే బొండం తాగితే సరిపోతుందంటారు, నిజమేనా?

5. జనరల్ మెడిసిన్ (భీమవరం)

మంచి ప్రశ్నండి. ఆ హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, మూత్రం ఎక్కువ పోయించే మందు. ఇందాకటి తూము లెక్కలోనే చూడండి. హెచ్ కాలువ మట్టం తగ్గిస్తుంది. టెల్మిసార్టాన్ కిడ్నీ నుంచి రక్తం బయటికి పోయే తూముని వదులు చేస్తుంది. డైక్లోఫెనాక్ లోపలికి వచ్చే తూముని బిగిస్తుంది. మూడూ ఒకే రోజు ఒకే మనిషిలో పడితే కిడ్నీ వడకట్టడానికి కావలసిన ఒత్తిడే మిగలదు. రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్ వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పైగా నొప్పి బిళ్ల ఒంట్లో ఉప్పునీరు నిలవేసి బీపీ పెంచుతుంది. బీపీ లొంగట్లేదని ఇంకో బీపీ బిళ్ల కలుపుతారు. అసలు కారణం నొప్పి బిళ్ల అని ఎవరూ అడగరు, వీళ్లూ చెప్పరు.

బొండం విషయంలో జాగ్రత్త. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పావు లీటరు నీళ్లున్న బొండంలో ఇంచుమించు 500 నుంచి 600 మి.గ్రా. ఉంటుంది. ఆరోగ్యవంతుడికి అది మంచిదే. కానీ టెల్మిసార్టాన్ పొటాషియాన్ని బయటికి పోనివ్వదు, డైక్లోఫెనాక్ కూడా అంతే. కిడ్నీ అప్పటికే నీరసించి ఉంటే రోజుకి నాలుగైదు బొండాలు గుండె లయని తప్పించగలవు. కిడ్నీ జబ్బు ఉందని తేలినవాళ్లు డాక్టరుని అడక్కుండా బొండం తాగకూడదు.

ఈ బిళ్లలు వాడుతున్నవాళ్లు సీరం క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. కిడ్నీ పని సగం దెబ్బతినేదాకా అది మామూలుగానే కనిపించవచ్చు, సన్నగా ఉన్నవాళ్లలో మరీను. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంకె, 60 కంటే తక్కువ ఉంటే డాక్టరు చెప్పకుండా వద్దు, 30 కంటే తక్కువైతే అసలే వద్దు.

6. సిస్టర్ (అమలాపురం)

ఇంజక్షన్ గురించి నేను రాస్తానండి, ఎందుకంటే "సూది పడితేనే తగ్గుతుంది" అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది.

డైక్లోఫెనాక్ ఆంప్యూల్ మామూలుగా 3 మి.లీ., అందులో 75 మి.గ్రా. అంటే ఒకటిన్నర బిళ్ల మందే. అరగంటలో పనిచేస్తుంది, బిళ్లకి గంట దాకా పడుతుంది. ఆ అరగంట తేడా కోసం తెచ్చుకునే ప్రమాదాలు చూడండి. "సూది పొట్టలోకి వెళ్లదు కాబట్టి అల్సర్ రాదు" అంటారు. తప్పు. మందు రక్తంలోంచి పొట్ట పొరకి చేరుతుంది. సూది వేయించుకున్నా పుండు పడుతుంది.

సూది పిరుదు మీద పై భాగంలో, బయటి వైపు పావులో లోతుగా కండరంలోకి వెళ్లాలి. పిరుదుని నాలుగు భాగాలుగా ఊహించుకుంటే పైన బయటి భాగం అది. పక్క తుంటి కండరం ఇంకా మేలు. లోపలివైపు గానీ కిందకి గానీ జరిగితే కాలికి వెళ్లే పెద్ద నరం, సయాటిక్ నరం, తగలొచ్చు. సూది దిగిన క్షణంలో కరెంటు కొట్టినట్టు కాలి వేళ్ల దాకా జివ్వుమంటే వెంటనే "ఆపండి" అని అరవాలి, మందు తోయనివ్వకూడదు. నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు, చెప్పు జారిపోతూ నడుస్తారు. కొందరిలో అది ఎప్పటికీ తిరిగి రాదు. మనిషి నిలబడి పంచె కాస్త దించి, సగం కనబడే చోట గుచ్చించుకోవడంలోనే ఈ ప్రమాదమంతా ఉంది. బోర్లా పడుకోబెట్టి, నడుము ఎముక చేత్తో తడిమి చూసుకుని వేయాలి.

ఇంకోటి అరుదు గానీ ఘోరం. మందు రక్తనాళంలోకో దాని గోడలోకో పోతే సూది వేసిన చోట భరించలేని మంట, చర్మం తెల్లగా పాలిపోయి, కొన్ని గంటల్లో నీలం ఊదా మచ్చలు వలలాగా కమ్ముతాయి. తరవాత అక్కడి కండ నల్లబడి కుళ్లుతుంది. నికొలావ్ సిండ్రోమ్ అంటారు. వేడి కాపడం పెట్టకుండా, చూస్తూ కూర్చోకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి.

రెండు రోజులకి మించి ఈ ఇంజక్షన్ కొనసాగించకూడదు. వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. దద్దుర్లు, పెదాల వాపు, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం మొదలైతే తొడ కండరంలో అడ్రినలిన్ 0.5 మి.గ్రా. ఇవ్వాలి, పెద్దవాళ్లకి. అది దగ్గర లేని చోట, ఇవ్వడం తెలియని చోట ఏ ఇంజక్షనూ వేయించుకోకండి.

7. దింపు (రాజోలు)

అందరూ వద్దంటున్నారు, మంచిదే. కానీ కొబ్బరి దింపు పని, ఒలుపు పని చేసేవాళ్ల భుజాలకి పారాసిటమాల్ చాలట్లేదండి. గునపం మీద రోజుకి వందల కాయలు ఒలిచేవాడికి మణికట్టు వాచిపోతుంది. పని మానితే ఆ పూట కూలి పోయింది. "డైక్లో వద్దు" అని ఊరుకుంటే సరిపోదు, బదులు ఏం చేయాలో కూడా చెప్పాలి.

8. ఫిజియో (తణుకు)

మీరన్నది న్యాయం. పారాసిటమాల్ వాపు మీద పెద్దగా పనిచేయదు, కాబట్టి ఒలుపు మణికట్టుకి అది చాలకపోవడం నిజమే.

ముందు పూత మందు చూడండి. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది బిళ్లతో పోలిస్తే నూటికి ఆరు వంతులే. మోకాలు, మణికట్టు, వేళ్ల కీళ్లు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి బాగా పనిచేస్తుంది. నడుముకి, తుంటికి అంతగా కాదు, కీలు లోతున ఉంటుంది. "జెల్ రాశాను, తగ్గలేదు" అనేవాళ్లు పెసరగింజంత రాసి ఉంటారు. మోకాలికి ఒక్కసారికి 4 గ్రాములు, చేతి కీళ్లకి 2 గ్రాములు, రోజుకి నాలుగుసార్లు. అంటే 30 గ్రాముల ట్యూబు ఒక మోకాలికి ఏడెనిమిది సార్లకి అయిపోవాలి, రెండు రోజుల్లో. నెలరోజులు వచ్చిన ట్యూబు మందు పని చేయలేదంటే మందుది తప్పు కాదు. కనీసం వారం అలా రాసి చూడాలి. రాశాక గంటదాకా కడగొద్దు, పైన వేడి కాపడం వద్దు, గుడ్డ బిగించి కట్టొద్దు. చర్మం చిట్లి ఉంటే రాయొద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇదైనా డాక్టరుని అడిగే.

ఖర్చు ఎక్కువన్నది నిజం, జనరిక్ దుకాణంలో మందు పేరు చెప్పి అడగండి. రేటు బాగా తగ్గుతుంది.

ఊడుపుల నడుముకి మందు కంటే పని తీరు ముఖ్యం. వెనక్కి నడుస్తూ నడుము దగ్గరే విరిగినట్టు వంగుతారు, మోకాళ్లు బిర్రుగా ఉంటాయి. మోకాళ్లు కాస్త మడిచి, తొడల మీద బరువు వేసి వంగితే నడుము కింది పూసల మీద భారం తగ్గుతుంది. అరగంటకోసారి నిటారుగా నిలబడి, రెండు చేతులు నడుము మీద పెట్టుకుని వెనక్కి ఐదుసార్లు వంగాలి. ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకుని మోచేయి తొడకి ఆనించడం చాలామందికి అలవాటే, అది మంచి అలవాటు. ఒక చాళ్లు ఎడమ తొడకి, ఒక చాళ్లు కుడి తొడకి మార్చండి. ఒలుపుకి గునపం ఎత్తు చూసుకోండి. మొన నడుము కంటే కిందికి ఉంటే భుజం బరువంతా మణికట్టు మీద పడుతుంది.

నడుము నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా అది ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన కేసు. బిళ్లతో ఒక్క రాత్రి కూడా నెట్టుకురావద్దు.

9. ల్యాబ్ (నరసాపురం)

ఒక ముఖ్యమైన విషయం ఎవరూ అనలేదండి. ఊడుపుల కాలంలో ప్రతి ఒళ్లునొప్పీ పనివల్ల వచ్చింది కాదు.

ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన బురదనీళ్లలోంచి ఆ క్రిమి కాలి పగుళ్ల గుండా, ఒరుపుల గుండా ఒంట్లోకి పోతుంది. వరిచేలు, కాలువగట్లు, చేపల చెరువుల పని, అన్నీ దానికి అనువైనవే. నీళ్లలో తిరిగిన తరవాత ఎక్కువగా అయిదు నుంచి పద్నాలుగు రోజులకి బయటపడుతుంది. చలిజ్వరం, తలనొప్పి, పిక్కలు ముట్టుకుంటేనే ప్రాణం పోయేంత నొప్పి, కళ్లు ఎర్రబడటం, కానీ పుసి ఉండదు. పిక్కల నొప్పి చూసి "రోజంతా బురదలో తొక్కాం కదా" అనుకుని డైక్లో వేసుకుంటారు. జ్వరమూ దిగుతుంది, నొప్పీ దిగుతుంది. లోపల ఆ క్రిమి పట్టేది కాలేయాన్ని, కిడ్నీలనే. అప్పటికే దెబ్బతింటున్న కిడ్నీ మీద ఈ బిళ్ల పడుతుంది. మొదటి రోజుల్లో పట్టుకుంటే డాక్టరు పర్యవేక్షణలో డాక్సిసైక్లిన్ 100 మి.గ్రా. రెండు పూటలు ఏడు రోజులతో చాలామందికి నయమవుతుంది. కళ్లు పచ్చబడి మూత్రం తగ్గాక వస్తే ఐసీయూ, డయాలసిస్.

రెండోది డెంగీ. ఇందులోనూ కళ్ల వెనక, నడుములో ఎముకలు విరిగినట్టు నొప్పి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్, మెఫెనమిక్ ఆమ్లం ఏది ఇచ్చినా రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. వానాకాలం జ్వరంతో కూడిన ఒళ్లునొప్పికి, జబ్బు ఏదో తేలేదాకా, పారాసిటమాల్ ఒక్కటే. డెంగీని పట్టే రక్తపరీక్షల్లో ఎన్ఎస్1 మొదటి అయిదు రోజుల్లో, ఐజీఎం ఆ తరవాత. జ్వరం తగ్గిందని సంబరపడే రోజే డెంగీలో అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మగతగా పడి ఉండటం కనిపిస్తే ఆసుపత్రిలో చేర్చాలి.

10. చేనుగట్టు (ఆచంట)

పిక్కల నొప్పి సంగతి తెలియదండి, చాలా మంచి మాట చెప్పారు. మరి పారాసిటమాల్ ఎంత వేసుకున్నా ఫర్వాలేదా? డోలో అయితే బిస్కెట్‌లాగా వేసుకుంటున్నారు. సాయంత్రం మందు తాగేవాళ్ల సంగతో?

11. మందుల షాపు (పాలకొల్లు, ఫార్మసిస్ట్)

ఎంతైనా ఫర్వాలేదు అన్నదే అన్నిటికంటే ప్రమాదమైన మాటండి. సరైన మోతాదులో అంత నమ్మకమైన మందు ఇంకోటి లేదు, దాటితే కాలేయాన్ని అంత నిశ్శబ్దంగా తినే మందూ లేదు.

పెద్దవాళ్లకి 500 లేదా 650, ఆరు గంటల ఎడంతో. 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. 50 కిలోల కంటే తక్కువ బరువున్నవాళ్లు, రోజూ సారా, కల్లు, మరేదైనా తాగేవాళ్లు, తిండి సరిగా లేనివాళ్లు 2 గ్రాముల దగ్గరే ఆగాలి. 650 అయితే రోజుకి మూడు. లెక్క తప్పేది ఎక్కడంటే, డోలో 650 నాలుగు వేసుకున్న మనిషి ఒళ్లునొప్పులకి జెరోడాల్-పి రెండు, జలుబుకి ఇంకో కలగలుపు బిళ్ల మూడు వేసుకుంటాడు. ఆ కలగలుపుల్లో ఒక్కోదాంట్లో 325 నుంచి 500 దాకా పారాసిటమాల్ దాగి ఉంటుంది. వేసినవి తొమ్మిది బిళ్లలు. కూడితే 4 గ్రాముల మీదకి వెళ్లిపోవచ్చు.

కాలేయంలో పారాసిటమాల్‌లో కొంత భాగం విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అన్నది దాన్ని విరిచేస్తుంది. రోజూ తాగేవాళ్లలో ఆ విషం ఎక్కువ తయారవుతుంది, తిండిలేక గ్లూటాథయోన్ తక్కువ ఉంటుంది. రెండు వైపులా దెబ్బే.

ఎక్కువ మోతాదు పడిందని అనుమానం వస్తే మనిషి బాగానే ఉన్నాడని ఊరుకోవద్దు. మొదటి రోజు కాస్త వాంతులు తప్ప ఏమీ కనిపించదు. రెండు మూడు రోజులకి కుడి డొక్క కింద నొప్పి, పచ్చకామెర్లు. విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే దాదాపు అందరినీ కాపాడుతుంది. అందుకని 108కి ఫోన్ చేసి, ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని, ఎన్ని గంటలకి మింగారో కాగితం మీద రాసుకుని కాకినాడ జనరల్ ఆసుపత్రి లాంటి పెద్దచోటికి తీసుకెళ్లాలి.

పిల్లల సంగతి కూడా. కిలోకి 15 మి.గ్రా. లెక్క. 10 కిలోల బిడ్డకి 150 మి.గ్రా. సిరప్‌లు మూడు బలాల్లో ఉన్నాయి: 5 మి.లీ.లో 120 ఉన్నది, 5 మి.లీ.లో 250 ఉన్నది, చుక్కల సీసా 1 మి.లీ.లోనే 100 ఉన్నది. అదే బిడ్డకి మొదటిది 6 మి.లీ., రెండోది 3 మి.లీ., చుక్కలు ఒకటిన్నర మి.లీ. సిరప్ అలవాటుతో చుక్కల సీసాలోంచి 6 మి.లీ. పోస్తే 600 మి.గ్రా., నాలుగింతలు. సీసా మారినప్పుడల్లా వెనక అంకె చదవండి. స్టీలు చెంచాతో కొలవొద్దు, మూత కప్పుతోనో సిరంజితోనో కొలవండి. రోజుకి నాలుగుసార్లకి మించొద్దు. నిమెసులైడ్‌ని 12 ఏళ్ల లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, అడగనే అడగొద్దు.

12. పశువైద్యం (మండపేట)

చర్చ మనుషుల గురించే గానీ గేదెల మాట కూడా ఒకటి. ఈనిన గేదె పొదుగు వాచినా, ఎద్దు కుంటుతున్నా మనుషుల డైక్లోఫెనాక్ ఆంప్యూళ్లు నాలుగైదు తెచ్చి పొడవడం ఇంకా అక్కడక్కడా ఉంది. పశువులకి డైక్లోఫెనాక్ 2006 నుంచి నిషేధం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువుని తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతిని, లోపలి అవయవాల మీద సున్నంలా తెల్లటి పొర కట్టి చచ్చిపోతాయి. మన దేశంలో తెల్ల నడుము రాబందులు నూటికి తొంభై తొమ్మిది పైగా అలాగే పోయాయి. పశువులకి వాడకుండా ఉండాలనే 2015లో మనుషుల ఇంజక్షన్‌ని పెద్ద సీసాల్లో అమ్మడం ఆపి 3 మి.లీ. విడి మోతాదుకి కుదించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారుతుంది, దాన్నీ కీటోప్రొఫెన్‌నీ 2023లో పశువులకి నిషేధించారు.

బదులు మెలాక్సికామ్ ఉంది, రాబందులకి హాని లేదు, పశువుకి బాగా పనిచేస్తుంది. కిలోకి 0.5 మి.గ్రా. 400 కిలోల గేదెకి 200 మి.గ్రా. సీసా మీద మి.లీ.కి 5 మి.గ్రా. అని ఉంటే 40 మి.లీ., 20 మి.గ్రా. అని ఉంటే 10 మి.లీ. ఆ అంకె చూడకుండా "పోయినసారి పది పొడిచాం" అంటే పావు మందే పడుతుంది, తగ్గలేదని ఇంకో మందు వెతుకుతారు. పాలు ఎన్నిరోజులు అమ్మకూడదో లేబుల్ మీద చూసుకోండి.

13. లంకమేత (కోటిపల్లి రేవు)

మరి ఇప్పటికే నెలలుగా రోజూ డైక్లో వాడుతున్న పెద్దవాళ్లు ఒక్కసారిగా మానేయొచ్చా?

14. జనరల్ మెడిసిన్ (భీమవరం)

డైక్లోఫెనాక్ అయితే ఈ రోజే మానేయొచ్చు, మెల్లగా తగ్గించనక్కర్లేదు. పొట్లంలో స్టెరాయిడ్ ఉండి ఉండవచ్చన్న అనుమానం ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి. ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, మోతాదు కొద్దికొద్దిగా దించుతారు.

మలం తారులాగా నల్లగా, జిగటగా, కంపుగా వస్తే పొట్టలో రక్తం పోతున్నట్టు. ఐరన్ బిళ్లలు వాడేవాళ్లకీ నల్లగా వస్తుంది గానీ ఆ జిగట, ఆ కంపు ఉండవు. కాఫీ పొడి కలిసినట్టు వాంతి, మూత్రం బాగా తగ్గడం, పాదాల్లో వేలితో నొక్కితే గుంట పడే వాపు, ఛాతీ బరువు, వీటిలో ఏది కనిపించినా బిళ్ల ఆపి అదే రోజు చూపించుకోవాలి.

15. చేనుగట్టు (ఆచంట)

చాలా థాంక్సండి అందరికీ. రేపు ముఠాకి చెప్పడానికి కాగితం రాస్తున్నాను. చేలోకి ఓఆర్ఎస్ కూడా పెట్టిస్తాను. సగం ప్యాకెట్ సీసాలో కలపొచ్చా?

16. మందుల షాపు (పాలకొల్లు, ఫార్మసిస్ట్)

కలపొద్దండి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడి సరిగ్గా లీటరు నీళ్లలో. చిక్కగా కలిపితే మేలుకి బదులు విరేచనాలు పట్టుకుంటాయి. కలిపింది 24 గంటల్లో తాగెయ్యాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్లకి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా బాగుంటుంది. ఆ జబ్బులున్నవాళ్లకి ఓఆర్ఎస్ సంగతి కూడా డాక్టరుని అడిగే పెట్టండి.

మీ కాగితంలో ఇది కూడా రాయండి. షాపులో బిళ్లలు విడిగా అడిగినప్పుడు, స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చు వేసిన కొస ఒకటి ఉంటుంది. రెండో కొస నుంచి కత్తిరించమనండి, ఆ అచ్చు చివరిదాకా షాపులో మిగలాలి. మీకిచ్చే ముక్క వెనక మందు పేరు పడకపోతే బిల్లు మీద రాయించుకోండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న కాగితం పొట్లాలు, పేరు తెలియనివి, ఒక కవర్లో వేసి షాపుకి పంపండి. కాలువలో పారేయొద్దు.